పగ్గాలు హీరోయిన్ చేతిలో ఉండే చైనీస్ ప్రేమకథలు: ఏవి చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "చైనీస్ డ్రామాలు ఈ మధ్యే మొదలుపెట్టాను. చూసిన ప్రతిదాంట్లోనూ హీరో డబ్బున్న సీఈఓ. అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు, ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది. హీరోయినే గట్టిగా ఉండి, కథను తనే నడిపించే ప్రేమకథలు లేవా? ఉంటే, చివరిదాకా అలాగే ఉంటుందా, లేక సగంలో మెత్తబడిపోతుందా?"

ఉన్నాయి, బోలెడు ఉన్నాయి. మీ రెండో ప్రశ్నే అసలైనది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

ఇలాంటి డ్రామా ఎంచుకునేటప్పుడు అందరూ హీరోయిన్ని చూస్తారు. కత్తి తిప్పుతుందా, పదవి ఉందా, మాట పదునుగా ఉందా అని. ఇన్నేళ్ళుగా ఇవి చూస్తున్న నేను మాత్రం హీరోని చూడమని చెబుతాను. ఆమె ముందు నడుస్తుంటే పక్కనున్న మగవాడు ఏం చేస్తున్నాడు? ఆమె నిర్ణయం తీసుకున్నాక దాన్ని మార్చడానికి చూస్తున్నాడా, నిలబెట్టడానికి చూస్తున్నాడా? చాలా డ్రామాలు ఇక్కడే బోల్తా పడతాయి. పోస్టర్ మీద ఆమె సేనాధిపతి. సగం ఎపిసోడ్లు దాటేసరికి గాయపడి మంచాన పడుతుంది, మిగతా యుద్ధం ఆయన చేసిపెడతాడు. ఆమె బలం తగ్గించకుండా హీరోని ఇష్టపడేలా రాయడం కష్టమైన పని. అది చేతకాని రచయితలు సులువైన దారి వెతుక్కుని ఆమెను బలహీనం చేసేస్తారు. ఆ పని చెయ్యని డ్రామాలనే కింద చెబుతున్నాను.

మీరు మొదట చూడాల్సింది 'ద రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్'. 2020లో వచ్చింది. 24 ఎపిసోడ్లే కాబట్టి కొత్తవాళ్ళకు భారం కాదు. ఝావో లూసి హీరోయిన్, డింగ్ యూషీ హీరో. కథేంటంటే, ఒక స్క్రిప్ట్ రైటర్ తను రాసిన కథలోకే వెళ్ళి పడుతుంది. అదీ హీరోయిన్‌గా కాదు, మూడో ఎపిసోడ్‌లోనే చచ్చిపోవాల్సిన చెడ్డ పాత్రగా. ఆ పాత్ర పేరు చెన్ చియెన్‌చియెన్. హువాయువాన్ అనే నగరాన్ని ఏలే రాణి మూడో కూతురు.

ఆ నగరంలో పెత్తనమంతా ఆడవాళ్ళదే. పాలన, వ్యాపారం, కాపలా అన్నీ వాళ్ళవే. మగపిల్లలకు అణకువ నేర్పుతారు. పెళ్ళయితే మగవాడే ఇల్లరికం వెళ్ళాలి. మనకు ప్రమీలా రాజ్యం కథ తెలుసు కాబట్టి ఈ ఊహ మనకేమీ వింత కాదు. కానీ మన కథలో అర్జునుడు వచ్చి ప్రమీలను పెళ్ళాడాక ఆ రాజ్యం సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఆ నగరం లోపలే కథ నడుస్తుంది. పెయ్ హంగ్ అని ఒక యువకుడు ఉంటాడు. చదువుంది, తెలివుంది, నెమ్మదస్తుడు. అయినా మగవాడైనందుకు ప్రతి మెట్టు దగ్గరా తన అర్హత చూపించుకోవాల్సి వస్తుంది. అతని సీన్లలో నవ్వు తక్కువ. మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఎంతమంది ఆడవాళ్ళు రోజూ పడుతున్న బాధో అది. దాన్నే ఒక అబ్బాయి మొహంలో చూస్తే కొత్తగా తగులుతుంది.

హీరో హాన్ షువో పక్క నగరం షువాన్‌హు నుంచి వస్తాడు. అక్కడ అంతా తలకిందులు, మగవాళ్ళదే రాజ్యం. గుండె జబ్బుకు మందుగా హువాయువాన్‌లో ఉన్న 'డ్రాగన్ ఎముక' కాజేయాలని రహస్యంగా దిగుతాడు. మామూలు డ్రామాలో ఇతనే మీరు చెప్పిన చెయ్యి పట్టి లాగే హీరో. చల్లని చూపు, పగ, పొగరు అన్నీ ఉన్నాయి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి ఆడవాళ్ళ నగరంలో మూడో రాకుమారి మొగుడిగా కూర్చోబెట్టారు. పెళ్ళి రాత్రి ఆమెను విషంతో చంపాలన్నది అతని పథకం. ఆ సీన్ రాసింది తనే కాబట్టి విషం సంగతి ఆమెకు ముందే తెలుసు. అక్కణ్ణుంచి ఆమె ఏ పని చేసినా ప్రాణం దక్కించుకోవడానికే చేస్తుంది. అతను మాత్రం ప్రతి పనినీ తన మీద ప్రేమ అనుకుంటాడు. స్క్రిప్ట్ ప్రకారం రెండో అక్కతో అతని జత కలపాలని ఆమె తంటాలు పడుతుంటే, అతను ఇంకా ఇంకా ఈమె వైపే వస్తుంటాడు. డింగ్ యూషీ ఈ పాత్రను ఎక్కడా వెకిలిగా చెయ్యలేదు. అవమానం, అయోమయం, తర్వాత నిజమైన ఇష్టం ఒకదాని వెనక ఒకటి అతని మొహంలో కనిపిస్తాయి. తర్వాత కథ షువాన్‌హు నగరానికి మారినప్పుడు, రాకుమారిగా బతికిన అమ్మాయి మాటకు విలువే లేని చోట ఎలా నెట్టుకొచ్చిందో చూడండి. నాకు మొదటి సగం కన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఒక మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. ఈ కథలో స్క్రిప్ట్ ప్రకారం మూడో రాకుమారి హీరోని నడివీధిలోంచి ఎత్తుకొచ్చి పెళ్ళి చేసుకుంటుంది. కామెడీగా తీశారు కాబట్టి నవ్వుతాం. కానీ ఇలాంటి డ్రామాలు కొన్నింట్లో హీరోయిన్ 'స్ట్రాంగ్' అంటే హీరో చేసే వెధవ పనులన్నీ ఆమె చెయ్యడమే. ఇష్టం లేదంటున్న అబ్బాయిని గదిలో పెట్టి తాళం వెయ్యడం, ఉద్యోగం పోతుందని బెదిరించి డేటింగ్ చేయించడం. సీఈఓ సీట్లో అమ్మాయి కూర్చున్నంత మాత్రాన ఆ పని మంచిదైపోదు. మీరు పారిపోయి వచ్చింది దేని నుంచో గుర్తుంచుకోండి. అలాంటివి కనిపిస్తే నిర్మొహమాటంగా ఆపేయండి.

ఇక నా దృష్టిలో ఈ కోవలో అన్నిటికన్నా గట్టి డ్రామా 'ద ప్రిన్సెస్ రాయల్'. 2024లో వచ్చింది, 40 ఎపిసోడ్లు. మో షూ బాయ్ అనే రచయిత్రి వెబ్ నవల ఆధారం. ఝావో జిన్‌మై రాకుమారి లీ రొంగ్‌గా, ఝాంగ్ లింగ్‌హ ఆమె భర్త పెయ్ వెన్‌షువాన్‌గా చేశారు.

మొదలవ్వడమే ఇద్దరి చావుతో మొదలవుతుంది. రాజకీయం కోసం పెళ్ళి చేసుకుని, ఏళ్ళ తరబడి ఒకరినొకరు నమ్మకుండా బతికిన జంట. ఆమె దర్బారును ఆడించే పెద్ద రాకుమారి, అతను ప్రధానమంత్రి. ఆమెకు విషప్రయోగం జరుగుతుంది. చేయించింది భర్తేనని నమ్మి, పోతూ పోతూ అతన్ని చంపమని ఆజ్ఞ ఇస్తుంది. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ పెళ్ళికి ముందు వయసులో ఉంటారు. గత జన్మ మొత్తం గుర్తుంటుంది. పైకి పడుచు జంట, లోపల ఏళ్ళ నాటి అలసట, కోపం.

పునర్జన్మ కథలు చైనాలో కుప్పలు తెప్పలు. ఇది వాటిలో కలిసిపోకపోవడానికి కారణం లీ రొంగ్ కోరుకునేది. చాలా పునర్జన్మ కథల్లో అమ్మాయి రెండోసారి బతికితే పగ తీర్చుకోవాలనుకుంటుంది, లేదా ఈసారి మంచి మొగుణ్ణి ఎంచుకుంటుంది. ఈమెకు అధికారం కావాలి, ఆ మాట దాచుకోదు. తండ్రి చక్రవర్తి. తల్లి వైపు షాంగ్వాన్ వంశం బలం చూసి భయపడి, ఆమెను బలం లేని ఇంటికి ఇచ్చేయాలని చూస్తాడు. అలా చేస్తే ఆమె తమ్ముడు, యువరాజు, ఒంటరివాడవుతాడని లెక్క. వరుల బొమ్మలు ముందు పెట్టినప్పుడు ఆమె వాటిలో మొగుణ్ణి వెతకదు, తండ్రి ఎత్తు ఎటు పోతోందో వెతుకుతుంది. అక్కణ్ణుంచి ప్రతి సంబంధాన్నీ చదరంగంలో పావులా కదుపుతుంది. తర్వాత పెద్ద వంశాల అక్రమాలు విచారించే ఒక శాఖను తన చేతికిందే పెట్టించుకుంటుంది. ఆ శాఖ కోసం ఆమె పడే పాట్లు, ఎవరిని బుజ్జగించాలి, ఎవరిని బెదిరించాలి, ఎవరికి ఏది ఇచ్చి ఏది తీసుకోవాలి, ఇవన్నీ ఓపిగ్గా చూపించారు. సింహాసనం పక్కన నిలబడి కళ్ళెర్రజేస్తే అధికారం వచ్చేయదని రాసినవాళ్ళకు తెలుసు.

హీరో సంగతి చెప్తాను, ఎందుకంటే నా కొలత అదేనని మొదటే అన్నాను. పెయ్ వెన్‌షువాన్ తక్కువవాడేం కాదు. ఏళ్ళ తరబడి రాజకీయం నడిపిన బుర్ర. ఆమెతో సమానంగా ఎత్తులు వెయ్యగలడు. నోరు కూడా ఎక్కువే, ఇద్దరూ దెబ్బలాడుకుంటుంటే మన పక్కింటి మొగుడూపెళ్ళాల్ని వింటున్నట్టే ఉంటుంది. సూ రొంగ్‌చింగ్ అనే మరో పెద్దింటి యువకుడంటే ఇతనికి కుళ్ళు, ఆ కుళ్ళు దాచుకోవడం అసలు చేతకాదు. అయినా ఆమె ఒక నిర్ణయం తీసుకుంటే ముందు ఆ పని పూర్తయ్యేలా చూస్తాడు, గొడవ తర్వాత పెట్టుకుంటాడు. 'నువ్వు ఇంట్లో కూర్చో, నేను చూసుకుంటాను' అనే మాట ఇతని కథలో నడవదు. గత జన్మలో తామిద్దరూ ఎక్కడ తప్పు చేశామో ఒక్కొక్కటీ తవ్వుకుని మాట్లాడుకునే సీన్లు ఈ డ్రామాకు ప్రాణం. ముందు మిత్రులుగా ఒప్పందం చేసుకుంటారు, పని కాగానే విడిపోదాం అనుకుంటారు. ప్రేమ ఆ తర్వాత మెల్లగా వస్తుంది. చేతులు పట్టుకునే సీన్ల కన్నా, ఒకరు చెప్పింది రెండోవారు నమ్మే సీన్ల కోసం ఎదురుచూశాను నేను.

ఒక హెచ్చరిక. మొదటి నాలుగైదు ఎపిసోడ్లలో వంశాల పేర్లు, పదవులు గుక్క తిప్పుకోనివ్వవు. రాణి ఎవరు, చక్రవర్తికి ఇష్టమైన రెండో భార్య ఎవరు, ఎవరి కొడుకు ఎవరు అనేది ఒక కాగితం మీద రాసుకున్నా తప్పులేదు. ఆరో ఎపిసోడ్ దాటాక దానంతటదే పట్టు దొరుకుతుంది.

యుద్ధం చేసే హీరోయిన్ కావాలంటే 'ఓ మై జనరల్' చూడండి. 2017 నాటిది. అరవై ఎపిసోడ్లు ఉండటం ఒక్కటే దీని లోపం. మా సిచున్ చేసిన యె ఝావో మగవేషంలో సైన్యాన్ని నడిపి, యుద్ధాలు గెలిచి, రాజధానికి తిరిగొచ్చాక తాను ఆడదాన్నని చెప్పేస్తుంది. శిక్షించలేరు, అలాగని సైన్యం ఆమె చేతిలో ఉంచాలంటే భయం. దాంతో చక్రవర్తి ఆమెను ఒక రాకుమారుడికిచ్చి పెళ్ళి చేసేస్తాడు. వరుడు ఝావో యూజిన్ రాజధానిలోకెల్లా అందగాడు, చిన్నప్పటి నుంచీ బలహీనమైన ఒళ్ళు, గారాబం. ఊరంతా నవ్వుతుందని కుమిలిపోతాడు. ఆమెకేమో ఆడవాళ్ళ నడక, పట్టు బట్టలు ఏవీ అబ్బవు, అబ్బనందుకు బెంగ కూడా లేదు. ఇక్కడ నాకు నచ్చింది హీరో ఎదిగిన తీరు. కండలు పెంచి ఆమె కన్నా గొప్ప వీరుడైపోడు. తనకున్న తెలివి, లోకజ్ఞానం, రాజకుటుంబపు పలుకుబడి తీసుకొచ్చి ఆమె యుద్ధానికి పనికొచ్చేలా చేస్తాడు. మరొకటి, ఆమె మగవాడని నమ్మి ప్రేమించి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మరదలి వరస అమ్మాయి లియు షీయిన్ పాత్ర. దాన్ని నవ్వులాటగా తేల్చెయ్యకుండా ఆ అమ్మాయి నొప్పికి గౌరవమిచ్చారు.

'ద లెజెండ్ ఆఫ్ షెన్ లీ', 2024, 39 ఎపిసోడ్లు. ఇది దేవతల లోకం కథ. ఝావో లియింగ్ చేసిన షెన్ లీకి ఉన్న బిరుదు రాకుమారి కాదు, రాజు. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని పారిపోతూ గాయపడి భూమ్మీద పడుతుంది, ఈకలు ఊడిన పక్షి రూపంలో. సంతలో కోడి అనుకుని అమ్మేస్తారు. కొన్నవాడు ఒక రోగిష్ఠి మనిషి, చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. అక్కడ ఆమె మామూలు రూపం తెచ్చుకున్నాక, ఈటె పట్టుకుని అతన్ని తనే కాపాడుతుంది. ఈ మొదటి భాగం చాలా హాయిగా ఉంటుంది. నిజానికి అతను ఆమె కన్నా పెద్ద శక్తి ఉన్న దేవుడని తర్వాత తెలుస్తుంది. మామూలుగా అయితే ఇక్కడ హీరోయిన్ వెనక్కి జరగాలి. ఈమె జరగదు. తన సైన్యం, తన సరిహద్దు, తన మనుషులు అనేవి ఆమెకు చివరిదాకా ముందుంటాయి. చివర్లో దుఃఖం కొంచెం సాగదీశారు, అది ఒప్పుకోవాలి.

'ద డబుల్' (2024, 40 ఎపిసోడ్లు) గురించి మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. భర్త చేతిలో ప్రాణంతో పాతిపెట్టబడిన అమ్మాయి బతికి బయటపడి, మరో అమ్మాయి పేరుతో తిరిగొచ్చి లెక్కలు తేల్చుకుంటుంది. వూ జిన్‌యాన్ బాగా చేసింది. కాకపోతే అది పగ కథ, ప్రేమ పక్కవాద్యమే. మీరు ప్రేమకథ అడిగారు కాబట్టి తర్వాతకు ఉంచుకోండి.

ఈ కాలం కథలకొస్తే 'నథింగ్ బట్ యూ' (2023) నా మొదటి మాట. ఝోవ్ యూతొంగ్ హీరోయిన్, వూ లెయ్ హీరో. ఆమె ఒక స్పోర్ట్స్ కంపెనీలో ఏళ్ళ తరబడి బాస్ దగ్గర అసిస్టెంట్‌గా అరిగిపోయిన మనిషి. అతను ఆమె కన్నా పదేళ్ళు చిన్న, బ్యాడ్మింటన్ వదిలి టెన్నిస్‌కి మారుతున్న ఆటగాడు. ఆమె ఎవరి మీదా అరవదు, చెంపదెబ్బలు లేవు. కానీ అతని ఆటను, ప్రయాణాలను, డబ్బును, టెన్షన్‌ను సంబాళించేది ఆమే. పని తెలిసిన మనిషికి ఉండే ధీమా అది. 'డామినెంట్' అంటే గొంతు పెంచడమే అనుకునేవాళ్ళకు ఇది తప్పక చూపించాలి. 'ద రేషనల్ లైఫ్' (2021) కూడా ఇదే దారి. చిన్ లాన్ ఒక కంపెనీ లీగల్ విభాగంలో పనిచేసే ముప్ఫై దాటిన స్త్రీ, డిలన్ వాంగ్ కొత్తగా చేరిన కుర్రాడు. పెళ్ళెప్పుడని అమ్మ పోరు, ఆఫీసులో గుసగుసలు, ఇవన్నీ హైదరాబాదులోనో విజయవాడలోనో జరిగినట్టే ఉంటాయి. 'ఫైండ్ యువర్‌సెల్ఫ్' (2020) మాత్రం నాకు అంతగా ఎక్కలేదు. మొదటి సగం బాగుంది, తర్వాత హీరోయిన్ ఎటూ తేల్చుకోలేక మనల్ని విసిగిస్తుంది.

ఇవన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయని మీకు అనుమానం రావచ్చు. చాలావాటికి మూలం చైనా వెబ్ నవలలు, ముఖ్యంగా 2003లో మొదలైన జిన్‌జియాంగ్ అనే సైట్. అక్కడ రాసేదీ చదివేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. మన వారపత్రికల సీరియల్స్ రోజుల్లో రచయిత్రులకు ఉన్న ఆదరణ లాంటిదే. పాఠకులు అధ్యాయం అధ్యాయానికీ మాట చెబుతుంటారు, హీరోయిన్ చేతకానిదైతే ఊరుకోరు. అందుకే నవలలో గట్టిగా ఉన్న అమ్మాయి టీవీకి వచ్చేసరికి కొంచెం మెత్తబడినా, వెన్నెముక మాత్రం మిగులుతుంది.

రెండో సగంలో చప్పబడటం గురించి ఇంకో సంగతి. 2020 ఫిబ్రవరిలో చైనా ప్రసార నియంత్రణ సంస్థ ఒక్కో డ్రామా 40 ఎపిసోడ్లు మించకూడదని, వీలైతే 30 లోపు ముగించాలని చెప్పింది. అంతకుముందు అరవై, డెబ్బై సాధారణం. 'స్టోరీ ఆఫ్ యాన్‌షీ ప్యాలెస్' 70 ఎపిసోడ్లు. కాబట్టి పాతవి చూసేటప్పుడు మధ్యలో సాగదీత ఉంటుందని ముందే సిద్ధపడండి, కొత్తవాటిలో 39, 40 అనే అంకె ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఏదైనా కొత్త డ్రామా మొదలుపెట్టేముందు నేను చేసే పని ఒకటుంది. సగం దాటాక ఏదో ఒక ఎపిసోడ్ తీసి పది నిమిషాలు చూస్తాను. అప్పటికీ హీరోయిన్ తన పని తను చేస్తుంటే, మొదటి ఎపిసోడ్‌కి వెనక్కి వస్తాను. కథ కొంచెం తెలిసిపోతుంది నిజమే, కానీ ముప్ఫై గంటల సమయం పెట్టబోతున్నాం కదా.

చూడటం ఎక్కడంటే, చైనీస్ డ్రామాలు చూపించే వీటీవీ (WeTV) యాప్ 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధించిన 43 యాప్‌లలో ఉంది, దాని కోసం వెతుక్కోకండి. వికీ (Viki) అనే ఓటీటీ, నెట్‌ఫ్లిక్స్, ఇంకా యూట్యూబ్‌లో డ్రామా కంపెనీల అధికారిక ఛానెళ్ళు చూడండి. యూట్యూబ్‌లో చాలా డ్రామాలు మొత్తంగా ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఉచితంగానే దొరుకుతాయి. డబ్బింగ్ కన్నా అసలు ఆడియోతో చూడమనే నా సలహా. లీ రొంగ్ మర్యాదగా మాట్లాడుతూనే ఎదుటివాణ్ణి ఎలా అణిచేస్తుందో గొంతులోనే తెలుస్తుంది.

రీల్స్‌లో ఒకటి రెండు నిమిషాల ముక్కలుగా వచ్చే నిలువు షార్ట్ డ్రామాల జోలికి మాత్రం వెళ్ళకండి. 'లేడీ బాస్ రివెంజ్' అని ఊరిస్తాయి, మొదటి పది ముక్కలు ఉచితం, ఆ తర్వాత ముక్కముక్కకీ కాయిన్లు కొనమంటాయి. మొత్తం కలిపితే మంచి ఓటీటీ చందా కన్నా ఎక్కువ అవ్వచ్చు, కథేమో చెంపదెబ్బ దగ్గరే తిరుగుతుంటుంది.

మీరు ఇప్పుడే మొదలుపెట్టారు కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు టైగర్ అండ్ రోజ్, తర్వాత నథింగ్ బట్ యూ, అప్పుడు ప్రిన్సెస్ రాయల్. మొదటిది తేలిగ్గా అలవాటు చేస్తుంది, రెండోది ఈ కాలం మనుషుల్ని చూపిస్తుంది. ఆ రెండూ అయ్యాక మూడోదానికి కావాల్సిన ఓపిక మీకు వచ్చేసి ఉంటుంది. ప్రిన్సెస్ రాయల్ మాత్రం రాత్రి పన్నెండుకు మొదలుపెట్టకండి, మర్నాడు ఆఫీసు ఉంటే కష్టం.